పది రకాలు, గుప్పెడు మిరపకాయలు

ఊరి కోకో రైతుల సంఘం సమావేశంలో ఒతోనియెల్ నోరు తెరిచింది ఇరవై ఏళ్ళలో ఒక్కసారి. ఆ ఒక్కసారీ మూసుకునే ఉండాల్సిందని అతని భార్య జెలిత ఇప్పటికీ అంటుంది.

ఆ ఊరి సమావేశాలు కోకో గింజలు ఎండబోసే చెక్క అరుగు మీద జరుగుతాయి. కూర్చుని మాట్లాడుకుంటే గింజలు బూజుపడతాయి. అందుకని అందరూ చెప్పులు కింద విడిచి, వరసల్లో నడుస్తూ, పాదాలతో గింజల్ని తిరగేస్తూ మాట్లాడుకోవాలి. మాట్లాడేవాడు నడుస్తూనే మాట్లాడాలి, ఆగాడంటే మాట అయిపోయినట్టు. కాళ్ళకింద గింజలు జారుతుంటే ఎవరికైనా కోపం ఎంతోసేపు నిలవదు. చినుకు పడిందంటే ఇనప పట్టాల మీద జరిగే రేకుకప్పు గింజల మీదికి లాగుతారు, దాంతో సమావేశం కూడా ముగుస్తుంది.

ఆ రోజు కొండ సంగతి ఎత్తింది అర్జెమీరు. సంఘానికి పెద్ద, ఊరికి ఉన్న ఒక్క కొట్టు అతనిదే, జెలితకి స్వయానా తమ్ముడు. నదికీ తోటలకీ మధ్య నరకకుండా మిగిలిన అడవి ఆ కొండ ఒక్కటే, అది ఊరందరి ఉమ్మడి. కొమ్మలు చీపురుకట్టల్లా ఎండిపోయే చీపురు తెగులు వచ్చి కోకో తోటలు సగం కాపు మానేశాయి. కొత్తగా పెళ్ళయిన మూడు జంటలకి మొక్క నాటుకునే చోటు లేదు.

"కొండ నరికితే నేల వస్తుంది. అక్కడ ఏముంది గనక?" అన్నాడు అర్జెమీరు, గింజలు కదుపుతూ. "నాలుగు ఎలుకలు. మన కాయలు కొరకడానికి దగ్గరవుతుందని అక్కడ కాపురం పెట్టాయి."

"చాలా ఉన్నాయి," అన్నాడు ఒతోనియెల్.

అరుగు మీద పాదాలన్నీ ఆగిపోయాయి.

"ఎవరది, మా బావేనా?" అన్నాడు అర్జెమీరు. "అక్కా, బావకి ఒంట్లో బాగానే ఉందా?"

"పొద్దున లేచినప్పుడు బాగానే ఉన్నాడు మరి," అంది జెలిత.

"చాలా అంటే ఎన్ని బావా?"

ఒతోనియెల్ వరస చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాడు. "పది రకాలు. చేతిలో పట్టేంతవే. గబ్బిలాలు కాక. ఇల్యేవుస్ పట్నం నుంచి ఒక డాక్టరమ్మ వాటిని లెక్క పెడతానని కబురు పెట్టింది కదా, రానీ. వారంలో పది దొరక్కపోతే మొదటి గొడ్డలి వేటు నేనే వేస్తా."

పెళ్ళినాడు ఫాదర్ ముందు కూడా అన్ని మాటలు పలకలేదని జెలిత అక్కడికక్కడే సాక్ష్యం చెప్పింది. అర్జెమీరు సరేనన్నాడు. పై ఆదివారానికి లెక్క తేలాలి.

ఒతోనియెల్ ముప్పై ఏళ్ళుగా తోటపనికి పోయేముందు ఆ కొండ చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తాడు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఊరికే" అంటాడు. బురదలో ఏ పాదం ఎవరిదో, ఏ కాయ ఎవరు కొరికి పారేశారో, ఏ తొర్రలో ఎవరు పిల్లల్ని పెట్టారో అతనికి తెలుసు. పేర్లు తెలియవు. పది అని అన్నది తన లెక్కలో ఒకటి తగ్గించుకునే.

డాక్టరమ్మ పేరు తైనార. జీపు దిగేసరికే ముసలి ఎస్మెరాల్ద మోకాలు చూపిస్తూ ఎదురొచ్చింది, వెనకాల మరో ఐదుగురు.

"అమ్మా, నేను మనుషుల డాక్టర్ని కాదు. చిన్న జంతువుల మీద చదువుకున్నాను. ఎలుకలూ అలాంటివీ."

"అయితే నా మోకాలు ఎలుకకంటే హీనమైపోయిందన్నమాట," అంది ఎస్మెరాల్ద. తైనార ఆ సాయంత్రం ఆవిడ మోకాలికి నూనె రాసి గాని తప్పించుకోలేకపోయింది.

ఆమె తెచ్చిన ఎనభై రేకుబోన్లు ఒతోనియెలే మోశాడు. సగం నేల మీద పెట్టి, సగం తీగలతో కొమ్మలకి కట్టాడు. లోపల పలక మీద అడుగు పడితే తలుపు మూసుకుంటుంది, ప్రాణికి దెబ్బ తగలదు. పొద్దున్నే చూసి, కొలిచి, చెవికి చిన్న గుర్తు పెట్టి వదిలేస్తారు. ఎర మాత్రం రోజూ తాజాగా కలపాలి. మెదిపిన అరటిపండు, దంచిన వేరుశనగ, మొక్కజొన్న పిండి, కొంచెం డబ్బా చేప.

"అది నాకొదిలెయ్యి డాక్టరమ్మా," అంది జెలిత. "నేనుండగా ఈ ఊళ్ళో వంట ఇంకొకరు చెయ్యకూడదు."

మొదటి రోజు ఎర కలిపి, వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. మొహం చిట్లించింది.

"ఇదేం తిండయ్యా. జబ్బుచేసినవాళ్ళు కూడా తినరు."

"ఎలుకలకి," అన్నాడు ఒతోనియెల్.

"ఎలుకలైతే? పిలిచి పెట్టేటప్పుడు పెట్టినట్టుండాలి. నా గిన్నెలోంచి చప్పిడి తిండి గడప దాటితే రేపు మా అమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది."

అంతకంటే అతను వినలేదు. బోన్లకి తీగలు కోసుకోవడానికి వెళ్ళిపోయాడు.

మొదటి పొద్దున ఎనభై బోన్లలో డెబ్భై ఎనిమిది ఖాళీ. రెంటిలో గోధుమరంగు సబియా పిట్టలు. ఈలపాట పాడేవే, బోనులో మాత్రం తిట్లకి దిగాయి. తైనార వాటిని వదిలేసి పుస్తకంలో సున్నా రాసుకుంది. రెండో పొద్దున మూడు పిట్టలు. మూడో పొద్దున నాలుగు. వాటిలో ఒకటి రెక్క మీద తెల్లమచ్చ ఉన్నది. మూడు రోజులూ అదే పిట్ట.

"మొదటి రోజుల్లో తక్కువ పడటం మామూలే," అంది తైనార. "కానీ మూడు రాత్రులు ఒక్కటీ పడకపోవడం ఎక్కడా చూడలేదు. ఒతోనియెల్ గారూ, ఒకవేళ కొండ నిజంగానే ఖాళీ అయిపోయిందేమో. చుట్టూ తోటలు వచ్చి విడిపోయిన అడవుల్లో అలా జరుగుతుంది. చెట్లుంటాయి, లోపల ఎవరూ ఉండరు."

ఒతోనియెల్ ఒక బోను ముందు గొంతుకూర్చున్నాడు. లోపలికి దారి చూపడానికి గుమ్మంలో పెట్టిన చిటికెడు ఎర మీద సన్నటి పళ్ళగాట్లు రెండు. అంటే వచ్చింది. కొరికింది. పక్కన తడిమట్టిలో, ఆకు కిందికి పోయేలా, మూతి రాసుకున్న గుర్తు. ఒకటి కాదు, ఐదారుసార్లు అటూ ఇటూ రాసుకుంది. పిల్లాడి చేతికి తేనె అంటితే చొక్కాకి తుడుచుకున్నట్టు.

ఊళ్ళో అప్పటికే కథ పాకింది. కొట్టు దగ్గర అర్జెమీరు అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి రండి, పిట్టల దొర గారు. అక్క పంజరాలు అల్లుతోందట కదా?"

"ఊఁ."

"గొడ్డలి నా దగ్గర కొత్తది ఉంది బావా. నీదైతే మొద్దుబారిపోయి ఉంటుంది."

"నూరుకుంటా," అని ఇంటికొచ్చేశాడు.

మధ్యాహ్నం వంటింటి వెనక మొద్దు మీద కూర్చున్నాడు. బట్టలారేసే తీగ కింద చిట్టిమిరప పొద ఎర్రగా కాసి ఉంది. ఆ పొద ఎవరూ నాటింది కాదు. తీగ మీద వాలే పిట్టలు వేసిన గింజలకి మొలిచింది. ఊళ్ళో మిరపపొదలన్నీ అలాగే తీగల కిందో, కంచెల కిందో ఉంటాయి. జెలిత గుమ్మడికాయలు ఎలుకలు తింటాయి, మొక్కజొన్న తింటాయి, సబ్బు కూడా తింటాయి. ఆ పొద జోలికి మాత్రం ఏనాడూ పోలేదు. పిట్టలకి కారం తెలియదు. ఇది అతను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదే, ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒక సబియా పిట్ట వచ్చి రెండు పండు మిరపకాయలు తుంచుకుని మింగి, ముక్కు తీగకి గీసుకుని, వెళ్ళిపోయింది.

ఒతోనియెల్ లేచి లోపలికి వెళ్ళాడు. రాత్రికి కలిపి పెట్టిన ఎర గిన్నె మూత తీశాడు. అరటిపండు రంగులో ఉండాల్సింది నారింజ రంగులో ఉంది. ఎర్ర పామాయిలు, దంచిన ఎండురొయ్యలు, ఉల్లిపాయ. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ కాసేపు గోడకానుకుని నిలబడ్డాడు.

నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? జెలితతో చెబితే సరిపోతుంది. కానీ పదకొండేళ్ళ కిందట చేపలపులుసులో ఉప్పు కాస్త ఎక్కువైందని ఒక్కసారి అన్నాడు. ఆవిడ అరవలేదు, అలగలేదు. ఆనాటి నుంచి ఈనాటి దాకా కంచం పెట్టిన ప్రతిసారీ చేతులు కట్టుకుని నిలబడి "ఉప్పు సరిపోయిందా దొరా?" అని అడుగుతుంది. డాక్టరమ్మతో చెప్పడం ఇంకా కుదరదు. ఆ పిల్ల ప్రతిదీ పుస్తకంలో రాస్తుంది. జెలిత వంట తప్పిందని అచ్చులో పడితే, పెద్ద ఊళ్ళలో పెద్దవాళ్ళు చదివితే, ఆవిడ ఆ గరిట మళ్ళీ ముట్టదు.

కొట్టుకి తిరిగి వెళ్ళి డబ్బా చేప కొన్నాడు. కొండ కింద వాగు దగ్గర రాతి మీద అరటిపండు మెదిపి, వేరుశనగ దంచి, చప్పిడి ఎర తనే కలిపాడు. జెలిత ఇచ్చిన గిన్నెలోది కర్రపెండలం పిండితో కలుపుకుని తనే తిన్నాడు. వాగులో నీళ్ళు దోసిళ్ళతో తాగి, గిన్నెని అరటాకుతో శుభ్రంగా తుడిచాడు.

"ఎర రంగు మారిందేంటి?" అంది తైనార.

"అరటిపండు వేరే," అన్నాడు.

నాలుగో పొద్దున పదకొండు బోన్ల తలుపులు మూసుకున్నాయి.

తైనార గబగబా సంచి విప్పింది. మొదటి బోనులోంచి గుడ్డసంచిలోకి జారింది కళ్ళచుట్టూ కాటుక పెట్టుకున్నట్టున్న చిన్నది, తోకతో ఆమె వేలికి చుట్టుకుంది. పొట్టకింద తొమ్మిది పిల్లలు, చిక్కుడుగింజలంతేసి, చనులకి అతుక్కుని వేలాడుతున్నాయి.

"ఇది ఎలుక కాదు తెలుసా," అంది తైనార. "ఎలుకలు ఈ నేలకి మొన్న మొన్న వచ్చాయి. వీళ్ళు పాతకాపులు. వీళ్ళ చుట్టాలు ఎక్కడో సముద్రాలవతల, కంగారూలు."

ఒతోనియెల్ తల ఊపాడు. ఇది రాత్రి ఏ పువ్వులో మూతి పెడుతుందో అతనికి తెలుసు. చుట్టాల సంగతి తెలియదు.

తర్వాత వీపంతా ముళ్ళలాంటి వెంట్రుకలున్న ముళ్ళెలుక వచ్చింది. ఆమె దాని మూతి తెరిచి పళ్ళు రెండుసార్లు చూసింది. తను ఇదివరకు నది అవతలి కొండ మీద పట్టిన దానికీ దీనికీ పళ్ళు వేరట. చూడ్డానికి ఒకటే, కానీ నది అడ్డంపడి వేల తరాలు రాకపోకలు లేక, ఎవరి దారి వాళ్ళదైపోయిందట.

సాయంత్రం ఇంటి దగ్గర ఆ మాట చెబితే జెలిత ఆశ్చర్యపోలేదు. "అవతలి ఒడ్డుకి కాపురం పోయిన మా పెద్దమ్మ కొడుకులూ అంతే. రెండు తరాలకే పలకరింపు మారిపోయింది. వేల తరాలంటే పళ్ళు మారవా మరి." తర్వాత మొగుడి వైపు చూసింది. "చూశావా, నా వంట అలవాటు కావడానికి మూడు రోజులు పట్టింది వాటికి. ఉప్పు సరిపోయిందట దొరా?"

"ఊఁ," అన్నాడు ఒతోనియెల్, మూడో చెంబు నీళ్ళు తాగుతూ.

శుక్రవారానికి ఏడు రకాలు. శనివారానికి ఎనిమిది. ఆదివారం పొద్దున, కొమ్మకి కట్టిన బోనులో, పొడుగు మీసాల చెట్టెలుకతో తొమ్మిది. బోన్లన్నీ రెండుసార్లు చూశారు. తొమ్మిదే.

ఒతోనియెల్ ఇంటికి వెళ్ళి గొడ్డలి నూరుకున్నాడు. దాన్ని భుజాన వేసుకుని అరుగు దగ్గరికొచ్చి స్తంభానికి ఆనించి, చెప్పులు విడిచి వరసలోకి వెళ్ళాడు.

తైనార నడుస్తూ తన పుస్తకం చదివింది. తొమ్మిది పేర్లు. కాటుక కళ్ళది చదివినప్పుడు ఎస్మెరాల్ద "పాపం తొమ్మిదిమంది పిల్లలే" అంది. 

"తొమ్మిది," అన్నాడు అర్జెమీరు. గొంతులో వెటకారం తగ్గింది. "మంచి లెక్కే. నేను నాలుగనుకున్నా. కానీ బావా, పది అన్నది నువ్వే."

"అన్నాను."

"మూడు రోజులు వట్టిపోయాయి కదా," అన్నాడు వెనక వరసలో కొత్తపెళ్ళికొడుకు ఒకడు, నేల కావాల్సినవాడే. "ఎందుకు పోయాయి? దానికేమైనా కారణం ఉంటే చెప్పు మావయ్యా."

ఒతోనియెల్ వరస చివరిదాకా నడిచాడు. అక్కడి నుంచి కొండ కనిపిస్తుంది. పదోది ఎక్కడుందో అతనికి తెలుసు. దక్షిణం వైపు వెదురుపొదలో, కంటి ఎత్తున, గుప్పెడు ఆకులతో కట్టుకున్న గూట్లో. ఇంకో రెండు రాత్రులు చాలు. కారణం కూడా నాలిక చివరే ఉంది, ఇంకా మండుతూనే ఉంది.

"ఏం లేదు," అని, అరుగు దిగి గొడ్డలి అందుకున్నాడు.

"దాన్ని అక్కడ పెట్టు," అంది జెలిత.

ఆవిడ అందరినీ దాటుకుని మధ్య వరసలోకి వచ్చింది. "నడుస్తున్నాను, వినండి. ఎరలో చిట్టిమిరప నూరి కలిపింది నేను. గుప్పెడు. పామాయిలు, ఎండురొయ్యలు కూడా. పాపం అవి వచ్చి, మూతి పెట్టి, నన్ను తిట్టుకుంటూ పోయాయి. నా మొగుడికి ఇది బుధవారమే తెలుసు."

"నాకు తెలుసని నీకెలా తెలుసు?" అన్నాడు ఒతోనియెల్. గొడ్డలి ఇంకా చేతిలోనే ఉంది.

"నా తమ్ముడు చెప్పాడు. 'అక్కా, బావ నాలుగు రోజులుగా డబ్బా చేప కొంటున్నాడు, ఇంట్లో కూడు పెట్టడం మానేశావా' అని. నువ్వు చూస్తే ఇంట్లో చిక్కుళ్ళు ముట్టవు, చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతావు. నా గిన్నె అరటాకుతో తుడిచి వస్తోంది. ఏ ఎలుకయ్యా గిన్నె తుడిచేది?"

అరుగు మీద నవ్వు వరసలు దాటి పాకింది. జెలిత మొహం ఎర్రబడింది గాని నడక ఆపలేదు.

"ఈ మనిషి గొడ్డలైనా ఎత్తుతాడు గాని నా వంటకి వంక పెట్టడు. కాబట్టి నేనే పెట్టుకుంటున్నా. ఆ మూడు రోజులు కొండవి కావు, నావి. కొండకి మూడు రోజులు తిరిగివ్వండి."

"అయితే అక్కా," అన్నాడు అర్జెమీరు, "నీ వంట నచ్చనివాళ్ళు ఈ ఊరి చుట్టుపక్కల తొమ్మిది రకాలున్నారన్నమాట."

"పిట్టలకి నచ్చింది. ఒకటి మూడుసార్లు తిరిగొచ్చింది. అది కూడా రాసుకో డాక్టరమ్మా."

తైనార నిజంగానే రాసుకుంటోంది. ఆ మూడు రాత్రుల మీద అడ్డంగా గీత కొట్టింది. "ఎర తప్పితే ఆ రాత్రులు లెక్కలోకి రావు. మేం కూడా అలాగే చేస్తాం. నేను బుధవారం దాకా ఉండగలను."

ఆ ఊళ్ళో చేతులెత్తరు. ఒప్పుకునేవాళ్ళు అరుగులో ఎండ ఉన్న వైపుకి నడుస్తారు. ఎస్మెరాల్ద మోకాలు పట్టుకుని ముందు కదిలింది. కొత్తపెళ్ళికొడుకులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కదిలారు. చివరికి నీడలో అర్జెమీరు ఒక్కడే మిగిలాడు.

"మరి వీళ్ళకి నేల?" అన్నాడు.

"తెగులు తోటలున్నాయిగా," అన్నాడు ఒతోనియెల్ కింది నుంచి. "కొట్టేసి మళ్ళీ నాటొచ్చు. నాది సగం తీసుకోండి."

అర్జెమీరు కాసేపు గింజలు కాలితో గీశాడు. "మా అక్కతో వారం మాట్లాడకుండా నేనుండలేను," అని ఎండలోకి వచ్చాడు.

ఆ సాయంత్రం ఎర జెలితే కలిపింది. అరటిపండు, వేరుశనగ, పిండి, చేప. నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఏదో ప్రాయశ్చిత్తం చేస్తున్నట్టు మింగింది. దక్షిణం వైపు వెదుర్లలో ఆరు బోన్లు కంటి ఎత్తున కట్టమని ఒతోనియెల్ అంటే తైనార ఎందుకని అడగలేదు.

మంగళవారం పొద్దున అతను కొండ దిగి నేరుగా అరుగు దగ్గరికి వెళ్ళాడు. అర్జెమీరు ఒక్కడే గింజలు తిరగేస్తున్నాడు.

"పది," అన్నాడు ఒతోనియెల్.

"సరే బావా, ఉపన్యాసం చాలు," అన్నాడు అర్జెమీరు. నడక ఆపి, వెదుర్ల వైపు ఒకసారి చూసి, మళ్ళీ గింజల్లో పడ్డాడు.

ఇంటికొచ్చేసరికి జెలిత కంచం పెట్టి ఉంచింది. అన్నం, చిక్కుళ్ళు, పక్కన కర్రపెండలం పిండి మీద నారింజరంగు ముద్ద ఒకటి. మెదిపిన అరటిపండు, వేరుశనగ, డబ్బా చేప, పామాయిలు, ఎండురొయ్యలు, చిట్టిమిరప. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. ఉప్పు మాట ఎత్తలేదు. అతను తినడం మొదలుపెట్టేదాకా చూసి, నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టింది.